గేరు పక్కన స్విచ్

మళ్ళీ ఆగిపోయింది.

వెనక లారీ హారన్ మోగింది. హరిదాస్ తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. కారు నాలుగు బారలు కదిలింది. ముందు బండి ఆగితే బ్రేకు నొక్కాడు. ఒక్క కుదుపు. ఇంజను చచ్చింది.

సింగపూరు సరిహద్దులోని వుడ్‌ల్యాండ్స్ చెక్‌పోస్టు కళ్ళ ముందే ఉంది. అది దాటితే వంతెన. వంతెన దాటితే మలేషియా, జొహోర్‌లో అమ్మ ఇల్లు. అక్కడికి చేరితే చాలు. చేరకపోతే? ఆ ఆలోచనకే చొక్కా తడిసిపోతోంది.

"వెనక్కి పోదాం," అంది పక్క సీట్లో శాంతిని. టాంపినీస్ పేట దాటాక అతని భార్య నోట వచ్చింది ఆ ఒక్క మాటే. ఇది మూడోసారి.

"నోర్ముయ్!"

పెట్రోలు కాదు. సింగపూరు బండి వంతెన దాటాలంటే చట్టం ప్రకారం ముప్పావు ట్యాంకు ఉండి తీరాలి, ఉంది. బ్యాటరీ కొత్తది. ఇక మిగిలింది ఆ స్విచ్చే.

ఆటోమేటిక్ కారు వేగం అందుకున్నాక ఇంజనునీ గేర్‌బాక్సునీ తనే కలిపి బిగిస్తుంది. ఆగేముందు తనే వదిలేస్తుంది. పెట్రోలు ఇంకాస్త ఆదా అవుతుందని హరిదాస్ ఆ పని కారు చేతిలోంచి లాక్కుని, గేరు పక్కన ఒక స్విచ్ పెట్టించుకున్నాడు. ఆగేముందు అది ఆఫ్ చెయ్యకపోతే, క్లచ్ తొక్కకుండా ఆపిన బండిలా ఇంజను చస్తుంది. ఈ ఘనత శాంతినికి చెవులు చిల్లులు పడేలా చెప్పుకున్నాడు.

గేరు పక్కన ఆమె ఆనించి పెట్టుకున్న హ్యాండ్‌బ్యాగు కింద చెయ్యి పెట్టి తడిమాడు. స్విచ్ ఆఫ్‌లోనే ఉంది.

"మరేం రోగం దీనికి!" స్టీరింగు మీద తల వాల్చేశాడు.

పోలీసు మోటారు సైకిలు పక్కనే ఆగింది. హరిదాస్ చప్పున తల ఎత్తాడు. కుర్ర ఆఫీసరు టేపు చుట్టుకుని వేలాడుతున్న కారు ఎడమ అద్దం వైపు చూశాడు.

"ఏమైంది అంకుల్?"

"పాత బండి సార్. జొహోర్‌లో మా అమ్మకి సీరియస్. ఇదేమో కదలనంటోంది."

ఆఫీసరు మొహం మెత్తబడింది. "కంగారు పడకండి. దారి ఇప్పిస్తాను, నా వెనకే రండి."

హరిదాస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాళం తిప్పాడు. బండ్లు పక్కకి జరిగాయి. కారు కదిలింది. ఇంకొక్క మలుపు. బ్రేకు మీద కాలు ఆనించాడు.

కుదుపు. చచ్చింది.

ఈసారి చప్పున పక్కకి చూశాడు. హ్యాండ్‌బ్యాగు జారిపోయింది. స్విచ్ ఆన్‌లో ఉంది, దాని మీద శాంతిని వేలు, మళ్ళీ ఆఫ్ చెయ్యబోతూ.

"నువ్వా?" ఆమె వేలిని తోసేశాడు. "ఇందాకట్నుంచీ... నువ్వేనా?"

శాంతిని అటు తిరిగింది. కిటికీ అద్దం దించింది. వెనక్కి తిరిగి వస్తున్న ఆఫీసరు దగ్గరికి వచ్చేదాకా ఆగింది.

"సార్, పొద్దున టాంపినీస్‌లో సైకిలు మీద పోతున్న తాతని గుద్ది, ఆగకుండా వచ్చేసింది ఈయనే."