గుర్తు లేని రక్తం

అందరూ చూస్తుండగానే నెలిమా ఆ చెట్టువేళ్ల కషాయాన్ని నేలమీద ఒంపేసింది.

వాకిట్లో కూర్చున్న పెద్దలు నోళ్లు తెరిచారు. కోడలి కడుపు నిలవాలని పొద్దున్నుంచీ కూర్చుని కషాయం కాచిన అత్త నలియాకా ఖాళీ గిన్నె వంక చూసి, "చూశారా దీని పొగరు!" అంది.

"నాలుగో నెల కడుపుతో ఉన్నానత్తా. ఏం వేళ్లో తెలియని నీళ్లు తాగను."

"నీది పిల్లల్ని తినే కడుపు!" పెదమావ ఖీసా చేతికర్రతో నేల పొడిచాడు. "అరటితోటలో రెండు గోతులు తవ్వాం. మూడోది కూడా తవ్వమంటావా? ఇది తాగకపోయావో, వచ్చే ఆదివారం మా మసిండెకి రెండో పెళ్లి. పిల్లని చూసే ఉంచాం."

నెలిమా మొగుడు మసిండె తలెత్తలేదు. చెప్పు కొసతో మట్టి గీకుతున్నాడు.

నెలిమా నడుం గుడ్డ బిగించింది. "నా కడుపు ఎవర్నీ తినలేదు, పెదమావయ్యా. నర్సు నా రక్తం పరీక్ష చేసి చెప్పింది. ఈయన రక్తం మీద ఒక గుర్తుంది. యాంటీజెన్ అంటారట. నా రక్తం మీద అది లేదు."

"మా వంశం రక్తం మీద మచ్చా?" ఖీసా లేచి నిలబడ్డాడు.

"మచ్చ కాదు, గుర్తు. మీకూ ఉండే ఉంటుంది, కూర్చోండి."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"పెద్దపిల్ల తండ్రి గుర్తుతో పుట్టింది. కాన్పులో దాని రక్తం నాలో కలిసింది. జబ్బొస్తే కొట్టి తరిమే కాపలావాళ్లు ప్రతి ఒంట్లోనూ ఉంటారు కదా, నా కాపలావాళ్లు ఆ గుర్తు చూసి ఎవడో పరాయివాడు దూరాడనుకున్నారు. వాడి పని పట్టడం నేర్చుకున్నారు. అప్పటికే పిల్ల బయటపడింది కాబట్టి బతికిపోయింది. తర్వాతి ఇద్దరూ అదే గుర్తుతో కడుపున పడ్డారు. కాపలావాళ్లు మరిచిపోరు. పసివాళ్ల రక్తం మీద పడ్డారు. ఒకడు పచ్చకామెర్లతో పోయాడు, ఇంకొకడు కడుపులోనే పోయాడు. మొదటి కాన్పయిన మూడు రోజుల్లో ఒక సూది పొడిపించుకుంటే ఇదంతా ఉండేది కాదట. నాకెవరూ చెప్పలేదు."

"ఇప్పుడు పొడిపించుకోవచ్చుగా?" మసిండె మొదటిసారి నోరు విప్పాడు.

"ఇక పనిచేయదు. కాపలావాళ్లు నేర్చుకున్నది పోదు. పెద్దాసుపత్రిలో కనిపెట్టుకుని ఉండి, అవసరమైతే కడుపులోనే బిడ్డకి రక్తం ఎక్కిస్తారట. రేపే వెళ్తున్నాను. నువ్వొచ్చినా సరే, రాకపోయినా సరే."

"కట్టుకథలు!" ఖీసా అరిచాడు. "ఈ గడప దాటావంటే మళ్లీ అడుగు పెట్టనివ్వం."

"పేడ కలిపి ఈ గోడలు మెత్తిన చేతులివి. దాటుతాను, బిడ్డనెత్తుకుని మళ్లీ వస్తాను. ఎవరాపుతారో చూస్తాను. రెండో పెళ్లాన్ని తెచ్చుకుంటారా? ముందు దాని రక్తం కూడా పరీక్ష చేయించండి!"

"నలియాకా! నీ కోడలు. నువ్వే గెంటెయ్."

అత్త ఇంట్లోకి పోయింది. లోపల పెట్టె మూత తీసిన చప్పుడైంది. తన బట్టలు వీధిలో పడబోతున్నాయనుకుని నెలిమా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

అత్త బయటికొచ్చింది. ఒంటిమీద చర్చికి వేసుకెళ్లే గౌను ఉంది. కాళ్లకి చెప్పులున్నాయి.

"రేపటిదాకా దేనికి, ఇప్పుడే పద," అంది కోడలి చెయ్యి పట్టుకుని. "నా రక్తం కూడా చూడమను. మసిండె తర్వాత నేను కన్న అయిదుగురూ పచ్చబడే పోయారు."