వాడకొక చాట

"ఒక డబ్బాల మందు గోలీలు, ఇంకో డబ్బాల ఉత్త పిండి గోలీలు. ఏది ఎవ్వలకు వచ్చిందో నాకు గూడ తెల్వదని ముందే చెప్పిన గదా, అవ్వా. మీరేం చేసిన్రు?" పరిశోధన నేర్చుకుంటున్న డాక్టర్ స్వరూప తల పట్టుకుంది.

"రెండూ చాటల పోసి కలిపినం," అంది గట్టమ్మ. "సాలమ్మకూ నాకూ మోకాళ్ల నొప్పులే. ఒకలకు మందు, ఒకలకు ఉత్తదా? చెరిసగం పంచుకున్నం."

"టేకుమట్ల ఊరంత గిట్లనే చేసిన్రా?"

"మరి? వాడకొక చాట."

ఆరు నెలల కష్టం చాటపాలైంది. స్వరూప బెరుకుగా గురువు ఏసుపాదం వైపు చూసింది. ఆయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

"మరెట్ల ఇయ్యాలె, అవ్వా?" అన్నాడు.

"ఒక ఊరికంత మందు, ఇంకో ఊరికంత ఉత్తది ఇయ్యుండ్రి. దేవరుప్పులోళ్లతోని మాకేం పొత్తు?"

స్వరూప నోరు తెరిచింది. కలగలుపు కాకుండా మనిషికొకటి కాక ఊరికొకటి పంచాలని గురువు మూడు రోజులు చెప్పినా తనకు ఎక్కని పాఠం అదే. ఆమెకూ నవ్వు ఆగలేదు.

ఏసుపాదం తన కుర్చీ గట్టమ్మకు వేశాడు. "రేపు పదింటికి డాక్టర్లకు క్లాసుంది. నువ్వే చెప్పాలె."

"సాలమ్మ గూడ వస్తది," అంది గట్టమ్మ. "చెరిసగం చెప్తం."