ఒక్కరికి సరిపడా నెట్

ఫోను మోగింది. నెట్ పోయింది.

సంధ్య లాప్‌టాప్ మూత మీద తల ఆనించింది. ఇప్పటికే రెండు కంపెనీల వాళ్లు తెర మీద ఆమె నోరు తెరిచి బిగుసుకుపోవడం చూసి, "మళ్లీ చెప్తాం" అని మాయమయ్యారు. మూడో ఇంటర్వ్యూ ఇవాళ మధ్యాహ్నం మూడింటికి. సెల్ నెట్ సంగతి సరే, ఆ వాడలో మేడెక్కితే తప్ప మాట కూడా సరిగ్గా వినపడదు.

"నాయనమ్మా, గా కార్డ్‌లెస్ ఫోన్ మోగినప్పుడల్లా నెట్ పోతుంది. ఒక్క గంట పీకేస్త."

"పీకు, నీ చెయ్యి ఇరగ్గొడ్త," అంది కొండవ్వ. "భీవండిల మా అక్కకు ఇయ్యాల ఆపరేషన్ ఉన్నది. గాళ్లు ఎప్పుడు ఫోన్ చేస్తరో ఎవ్వలకెరుక?"

రెండుంబావుకు గేటు చప్పుడైంది. భుజానికి సంచి, చెమటకు తడిసిన చొక్కా, అరవై దాటిన మనిషి.

"అమ్మా, నెట్టు..."

"రండి అంకుల్! కంప్లైంట్ ఇచ్చి మూడు రోజులైంది. ఇప్పుడా వచ్చేది?"

"కాదు బిడ్డా, నేను..."

"మాటలు తర్వాత. మూడింటికి ఇంటర్వ్యూ ఉంది నాకు. ఇది గూడ పోతే మా బాపు దుకాణంల కూచోబెడ్తడు. బీటెక్ చదివి చీరలు మడత పెట్టుకుంట బతకాల్నా?"

ఆయన ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

రౌటర్ పక్కనే ఉన్న కార్డ్‌లెస్ ఫోను డబ్బాను తిరగేసి, కింద సన్నటి అక్షరాలు చదివి నవ్వాడు.

"ఇది యాడిది?"

"మా బాపు అప్పట్ల దుబాయి నుంచి తెచ్చిండు."

"గందుకే. మన దగ్గర అమ్మే ఫోన్ల తొవ్వ, అదే ఫ్రీక్వెన్సీ, వేరు. ఇదీ, నీ వైఫై ఒక్క తొవ్వల నడుస్తున్నయి. ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నయి. నువ్వేం చదివినవ్ బిడ్డా?"

"ఎలక్ట్రానిక్స్," అంది సంధ్య, వీలైనంత చిన్నగా.

ఆయన ఈసారి నవ్వలేదు.

ఫోను డబ్బాను వైరు అందినంత దూరం లాక్కెళ్లి వంటింటి గూట్లో పెట్టాడు. సంధ్య చేత రౌటర్ ఛానెల్ మార్పించాడు.

"అవ్వా, ఇప్పుడు ఫోన్ల మాట్లాడు."

"ఎవ్వలతోని?"

"ఎవ్వలతోనన్న."

కొండవ్వ సంతోషంగా భీవండికి కలిపింది. "ఏం లేదే, గీ సారు మాట్లాడుమన్నడు, మాట్లాడుతున్న. అక్కను లోపలికి తీస్కపోయిన్రా?"

లాప్‌టాప్‌లో వీడియో ఎక్కడా ఆగలేదు. సంధ్య చప్పట్లు కొట్టింది.

ఆయన గోడ గడియారం చూశాడు. మూడుకు ఇరవై నిమిషాలుంది.

"బిడ్డా, ఈ నెట్ల ఇంకొకరు గూడ వీడియో పెడితే..."

"అమ్మో! నడుస్తదా?"

ఆయన తెర మీద స్పీడు అంకె ఇంకోసారి చూశాడు.

"కష్టం. మీ లైను సన్నం. ఇద్దరైతే ఇద్దరియ్యీ ఆగుతయి."

"అయితే దేవుడొచ్చి అడిగినా ఇయ్య."

"మంచిది," అన్నాడాయన. "ఎవ్వలకియ్యకు."

"చాయ్ తాగిపో నాయినా," అంది కొండవ్వ.

"జల్ది పోవాలె అవ్వా."

గేటు దాటాక ఆయన దాదాపు పరుగెత్తాడు. రేటింగ్ ఇమ్మని కూడా అడగలేదు. ఇంకో ఇంట్లో కంప్లైంట్ ఉందేమో అనుకుంది సంధ్య.

ఇంటర్వ్యూ మధ్యలో ఫోను రెండుసార్లు మోగింది. వంటింట్లోంచి "ఆపరేషన్ మంచిగైందా!" అని కొండవ్వ కేక. తెర మీద ఇంటర్వ్యూ చేసే ముగ్గురూ కదులుతూనే ఉన్నారు. చివర్లో వాళ్లలో ఒకావిడ, "ఆఫర్ లెటర్ పంపిస్తాం," అంది.

నాలుగున్నరకు గేటు ముందు బండి ఆగింది. చొక్కా మీద నెట్ కంపెనీ బొమ్మ.

"రాకేశ్‌ను అక్కా, మీ కంప్లైంట్ నాదే. లేటైంది, ఏమనుకోకు. మీ ఎనుక గల్లీల మోరీ కాలువ తవ్వుతుంటే వైరు తెగింది. పొద్దటిసంది గాడనే ఉన్న."

"మరి మధ్యాహ్నం వచ్చి బాగు చేసిపోయిన అంకుల్ ఎవరు?"

"సంచేసుకొని వచ్చిండా? కాశయ్య సారు! టెలిఫోన్ ఆఫీసుల చేసి రిటైరైండు. ఎనుక గల్లీకి కొత్తగ కిరాయికొచ్చిన్రు."

సంధ్య గేటు పట్టుకుంది.

"ఆయన బిడ్డకు గూడ మూడింటికే ఇంటర్వ్యూ ఉండె అక్కా, ఇంట్ల నెట్ లేకపాయె. ఒక గంట పిల్లను మీ ఇంట్ల కూచోనిస్తరేమో, పోయి అడుగుమని నేనే తోలిన... అడిగిండా?"