థ అక్షరం దగ్గర

"ఏమోయ్, ఇంగ్లీషులో థాంక్స్‌కీ థింక్‌కీ మూలం ఒకటేనట. మొదట్లో అర్థం 'తలుచుకోవడం'!" అన్నాడు నిఘంటువు రాసే పెద్దాయన, భార్య ఇచ్చిన కాఫీ అందుకుంటూ.

"అయితే ముప్ఫై ఏళ్లలో నన్నొక్కసారీ తలుచుకోలేదన్నమాట. ఏనాడైనా థాంక్స్ చెప్పారా?"

ఆయన నాలిక్కరుచుకుని స్నానానికి జారుకున్నాడు.

విసురుగా బల్ల సర్దుతూ ఆవిడ, నిఘంటువు కోసం ఆయన మాటకొకటి చొప్పున రాసుకున్న పాత కార్డులు చూసింది. ప్రతి మాట కిందా ఒక ఉదాహరణ వాక్యం.

ఓర్పు: మా ఆవిడ దగ్గర నేర్చుకోవాలి.

చిరునవ్వు: మా ఆవిడ చిరునవ్వు చూస్తే గానీ నాకు తెల్లవారదు.

ఆవిడ కళ్లు చెమర్చాయి. ఇంకోటి తీసింది.

గురక: మా ఆవిడ గురకకి కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి.

"ఏవండీ! ఇవి అచ్చుకెళ్లాయా?"

"త అక్షరం వరకూ వెళ్లిపోయాయోయ్!"

ఆవిడ పెన్ను తీసి, ఆయన ఇంకా పూర్తి చేయని 'థాంక్స్' మాట కార్డు మీద ఉదాహరణ తానే రాసింది: "మా ఆయనకి థాంక్స్. రేపట్నుంచి కాఫీ ఆయనే కలుపుతారు."