పైకి చూసే లైట్లు

"ఆ కమాను పట్టీల మీద చెయ్యి పడిందో, మర్యాదగా ఉండదు," అన్నాడు పెద్దాయన, తన పికప్ బండికి అడ్డంగా నిలబడి.

మెకానిక్ చేతిలోని జాకీ కింద పెట్టాడు. రేపు ఎక్కించబోయే తేనెటీగల పెట్టెల బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేసి, ట్రైలర్ తగిలించుకుని రమ్మని చెప్పింది అతనే. ఆ బరువుకి కింద ఉన్న కమాను స్ప్రింగులు అణిగి, బండి వెనక భాగం చతికిలబడి, ముక్కు పైకి లేచి ఉంది.

"వద్దనుకుంటే బండి ఇక్కడికెందుకు తెచ్చారు బాబాయ్?"

"నేను తేలేదు. మీ పిన్ని తెప్పించింది."

పిన్ని, అంటే పెద్దాయన భార్య, షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని వింటోంది. మొన్న సాయంత్రం స్కూటర్ మీద ఎదురొస్తున్న టీచరమ్మ కళ్లలో, ముక్కుతో పాటు పైకి లేచిన ఈ బండి లైట్లు పడ్డాయి. పాపం, ఆమె స్కూటర్‌తో సహా కాలవలోకి దిగింది. మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది గానీ, పిన్ని గుండె మాత్రం ఇంకా కుదుటపడలేదు. వెనక కమాన్ల సంగతి తేలిస్తేనే మళ్లీ బండెక్కుతానని ఆ రోజే తెగేసి చెప్పింది.

రేపు రాత్రికి పెట్టెలు పొద్దుతిరుగుడు చేలకి చేరాలి. ముప్ఫై నాలుగేళ్లలో, ఆవిడ పక్క సీట్లో లేకుండా ఆయన ఒక్క పెట్టె కదిలించి ఎరగడు. తేనెటీగలు పెంచేవాళ్లకి ఓపిక ఎక్కువంటారు. ఈయన ఓపికంతా ఈగలకే ఖర్చయిపోయింది, మనుషులకి మిగల్లేదు.

మెకానిక్ మాత్రం ఓపికగానే చెప్పాడు.

"చూడండి బాబాయ్. ఉన్న పట్టీలకి తోడు ఇంకో పట్టీ వేశామంటే గట్టిగా ఉంటుంది. కాకపోతే ఖాళీ బండితో వెళ్లేటప్పుడు మీ నడుములు విరిగిపోతాయి. రబ్బరు దిమ్మలున్నాయి, బాగా కుంగినప్పుడే తగులుతాయి. నా మాట వింటే గాలితిత్తులు వేయించుకోండి. బరువు కట్టినప్పుడు గాలి పట్టించండి, దించాక వదిలేయండి. పిన్నికీ హాయిగా ఉంటుంది."

"ఏది వేసినా వెనక భాగం లేస్తుందా?"

"లేవడానికే కదా వేసేది."

"అంటే ముందు లైట్లు కిందికి దిగుతాయి."

"దిగాలి మరి. రోడ్డు మీద పడాలి కదా."

"అదే వద్దంటున్నాను."

మెకానిక్ తల గోక్కున్నాడు. ఇరవై ఏళ్లుగా బండ్ల కింద దూరుతున్నాడు గానీ, రోడ్డు కనబడొద్దనే డ్రైవర్ని చూడటం ఇదే మొదలు.

పెద్దాయన గొంతు తగ్గింది. బానెట్ మీద చెయ్యి వేశాడు.

"నీకు తెలీదు అబ్బాయ్. ఈ బండి ఇలా కుంగబట్టే నాకు పెళ్లయింది."

"మొదలెట్టారా," అంది పిన్ని.

"చెప్పనీ. పగలు తేనె అమ్ముతూ ఒక్కసారంటే ఒక్కసారి చూశాను ఈవిడని. ఆ ఒక్క చూపుకే నా పని అయిపోయింది. ఈగలన్నీ పెట్టెల్లోకి చేరాక, చీకటి పడే వేళకి బయల్దేరేవాణ్ణి. వీళ్ల ఇల్లు మలుపులో. అక్కడ బండి తిప్పగానే లైట్లు తిన్నగా వెళ్లి మేడ మీద కిటికీలో పడేవి. ఖాళీ బండైతే పడవు, వెనక బరువుండాలి. కిటికీ రెక్క తెరుచుకునేది. మళ్లీ మూసుకునేది. అంతే. మాట లేదు, ఉత్తరం లేదు. కానీ ఒక్కరోజు తప్పలేదు. ఆ రెక్క కోసం, పెట్టెలు లేని రోజున బండిలో రాళ్లు నింపుకుని తిరిగానంటే నమ్ము."

మెకానిక్ నవ్వాడు. "ఆ తర్వాత?"

"ఆ రెక్క ఇచ్చిన ధైర్యంతోనే వెళ్లి మా మామగార్ని అడిగాను. మారు మాట్లాడకుండా ఒప్పేసుకున్నాడు మహానుభావుడు."

పెద్దాయన కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

"ఇప్పుడా ఇల్లు లేదు. రోడ్డు వెడల్పు చేస్తూ ఆ మలుపు కూడా తీసేశారు. కానీ పెట్టెలు కట్టి బయల్దేరినప్పుడు లైట్లు పైకి లేస్తాయి చూడు, నాకు ఇప్పటికీ ఆ కిటికీయే కనిపిస్తుంది. ఇదొక్కటే మిగిలింది. దీన్ని కూడా దించేస్తానంటే ఎలా చెప్పు?"

మెకానిక్ మనసు మెత్తబడింది. జాకీని కాలితో పక్కకి నెట్టాడు.

"పోనీ వదిలేద్దామా పిన్నీ?"

ఆవిడ ఈ కథని చుట్టాల ముందు, పిల్లల ముందు, తేనె కొనడానికొచ్చిన వాళ్ల ముందు ఎన్నిసార్లు విందో లెక్కలేదు. విన్న ప్రతిసారీ తల వంచుకుని నవ్వి ఊరుకునేది. ఇవాళ నవ్వలేదు. స్టూలు మీంచి లేచి బండి దగ్గరికి వచ్చింది.

"గాలితిత్తులే వెయ్యి బాబూ."

"ఇంత చెప్పినా నా మాటకి విలువ లేదన్నమాట," అన్నాడు పెద్దాయన.

"ఉండబట్టే ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను." ఆయన చొక్కా చేతికి అంటిన మసిని కొంగుతో దులిపింది. "ఆ మేడగది మా నాన్నదండీ. ఎవడ్రా అని రెక్క తీసి చూసి, తిట్టుకుంటూ మూసేవాడు."

పెద్దాయన బానెట్ మీంచి చెయ్యి తీసి ఆవిడ వైపు తిరిగాడు.

"మరి నువ్వు?"

"బండి చప్పుడు వినగానే పరిగెత్తుకొచ్చి గేటు దగ్గర నిలబడేదాన్ని, రోజూ. ఆ లైట్లు కాస్త కిందికి ఉండుంటే మీకు కనిపించేదాన్ని."