రెండో డిస్కు

మామగారి ప్రెస్సులో లినక్స్ సర్వర్ పెట్టింది మా తోడల్లుడు. ఆయన పోయి నాలుగు నెలలైనా మామగారి నోట ఆయన మాటే. ఆ రాత్రి ప్రెస్సు మూశాక, ఆయన గుర్తు ఒక్కటీ మిగలకూడదన్న కడుపుమంటతో నేను బూట్‌లోడర్, అంటే మెషీన్ ఆన్ చేయగానే ముందు లేచి ఆయన మెనూ చూపే ప్రోగ్రాం, అప్‌డేట్ చేశాను.

మెషీన్ మళ్లీ ఆన్ చేస్తే, ఆయన పెట్టిన నీలం మెనూయే వచ్చింది. కారణం తెలిసిందే. ఒకే డేటా రెండు చోట్ల దాచే జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌లో జంట డిస్కులున్నాయి, బూట్‌లోడర్ రెండింటిలోనూ విడిగా ఉంటుంది. నేను మార్చింది ఒకదాన్నే. రెండోదీ మార్చాను. మళ్లీ నీలమే.

ఇంతలో మామగారి ఫోను. "ఇంకా కాలేదా అల్లుడూ? పెద్దల్లుడైతే ఈపాటికి ఇంటికొచ్చి పడుకునేవాడు."

పళ్లు నూరుకుంటూ డిస్కులు రెండూ ఊడబీకి బల్ల మీద పెట్టాను. ఖాళీ మెషీన్ ఏమంటుందో చూద్దామని ఆన్ చేశాను. ఫ్యాను కాసేపు తిరిగి ఆగిపోయింది. గదిలో చిన్న చప్పుడు కూడా లేదు. తెర మీద నీలం మెనూ వెలిగింది. దాని కింద, అంతకుముందు లేని ఒక వాక్యం.

"పక్కకి జరుగు తమ్ముడూ, నేను చేస్తాను."

ముందు నాకు ఒళ్లు మండింది. భయం తర్వాత వేసింది, నేను కూర్చున్న కుర్చీ మెల్లగా పక్కకి జరిగినప్పుడు.