అమావాస్య భోక్త

విస్తట్లో అన్నం మీద నెయ్యి పడగానే భోక్త చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను తినకూడదు. నన్ను లేవనివ్వండి," అన్నాడు లోగొంతుకతో.

లెక్కల మాస్టారు నేతిగిన్నె కింద పెట్టేశారు. మహాలయ అమావాస్య. పెద్దలకు పెట్టుకోవడానికి పక్షమంతా ఉన్నా, తండ్రి ఏ రోజున పోయాడో తెలియని ఇళ్ళకు ఈ ఒక్క రోజే దిక్కు. మాస్టారిది అలాంటి ఇల్లు. అందుకే ఏటా బడికి సెలవు పెడతారు, హాల్లో సోఫాలు బాల్కనీలోకి నెడతారు, టీవీ మీద తువ్వాలు కప్పుతారు. తండ్రి స్థానంలో కూర్చున్న భోక్త తినకుండా లేచిపోతే, తండ్రే ఆకలితో లేచిపోయినట్టు. అంతకన్నా పెద్ద బెంగ వంటింటి తలుపు వెనక ఉంది. "తృప్తి అయింది" అన్న మాట భోక్త నోట వింటే గాని తల్లి పచ్చి మంచినీళ్ళు ముట్టదు. మామూలు రోజుల్లో మాత్ర వేసుకుని వేళకి తినకపోతే కళ్ళు తిరిగి పడిపోయే మనిషి. ఇప్పటికే మధ్యాహ్నం దాటిపోతోంది.

మాస్టారు పంతులుగారి వంక చూశారు. పంతులుగారు తన సెల్‌ఫోను వంక చూసుకున్నారు. ఆయన కోసం ఇంకా రెండిళ్ళవాళ్ళు తడిబట్టలతో కాచుకుని ఉన్నారు మరి. భోజనం దగ్గర భోక్త మాట్లాడకూడదని పెదవుల మీద వేలు పెట్టి సైగ చేశారు, తినమన్నట్టు విస్తరి చూపించారు. భోక్త అడ్డంగా తల ఊపాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆ తల ఊపడమే తప్ప ఇందాకటి ఆ మాట దాకా పెదవి విప్పని మనిషి.

ఏం లోపం జరిగిందో చెబితే సరిదిద్దుకుంటామని మాస్టారు బతిమాలారు.

"లోపం మీది కాదు. ఇందాక మీరు నీళ్ళు వదులుతూ గోత్రం చెప్పారు. నాదీ అదే గోత్రం."

ఒకే గోత్రం వాణ్ణి భోక్తగా కూర్చోబెట్టరు. ఇంటివాడే ఇంటి పెద్దల కోసం వండింది తిన్నట్టవుతుందని, పెట్టింది పెద్దలకు చేరదని నమ్మకం.

"తీసుకొచ్చేముందు గోత్రం అడగలేదా పంతులుగారూ?"

"పొద్దుట్నుంచీ నాకు నా గోత్రమే గుర్తులేదు మాస్టారూ," అన్నారు పంతులుగారు, దాచుకోకుండా. ఈ అమావాస్యకి భోక్తలకున్న గిరాకీ పెళ్ళిళ్ళ రోజుల్లో పూలకు కూడా ఉండదు. వస్తామన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెయ్యిచ్చారట. ఏం చెయ్యాలో తోచక స్కూటరు మీద తిరుగుతుంటే బస్టాండులో ఈయన సంచీ ఒళ్ళో పెట్టుకుని కనిపించాడు. చిరిగిన చొక్కాలోంచి జంధ్యం తొంగిచూసింది. అన్నం తిని ఎన్నాళ్ళైందో అనిపించే ముఖం. మరి ఆలోచించకుండా ఎక్కించుకుని, మాస్టారింట్లోనే స్నానం చేయించి, పంచె కట్టించి కూర్చోబెట్టేశారు.

తప్పు చేసినవాడు కాబట్టి దారీ ఆయనే వెతికారు. గోత్రం ఒకటైనా, ఒకరి చావుకి ఒకరికి మైల పట్టేంత చుట్టరికం లేకపోతే, గత్యంతరం లేనప్పుడు ఫరవాలేదన్నారు. ఒక గోత్రంవాళ్ళు లోకంలో ఎంతమంది ఉంటారని, ఈయనెవరో, మీరెవరో అని గట్టిగా తేల్చేశారు. ఇక కానివ్వమన్నారు.

భోక్త కదల్లేదు. తెల్లగడ్డం మీదికి కన్నీళ్ళు జారుతున్నాయి. ఆకలితో ఉన్న మనిషి, ఎదురుగా వేడి అన్నం, అయినా చెయ్యి చాచడు. మాస్టారికి ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. విస్తరి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆయన మణికట్టు పట్టుకున్నారు.

"నాకు మా నాన్న ముఖం కూడా గుర్తులేదు. ఆయనకని నేను చేసేది ఏడాదికి ఇదొక్కటే. నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, తృప్తి అయిందని ఒక్కమాట అనండి. మా అమ్మ ఆ మాట కోసం కాచుకుని ఉంది."

భోక్త వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఆ మాట నా నోటితో అనిపించకు నాయనా," అన్నాడు హాలంతా వినిపించేలా. "నీ చేతి అన్నం తినే అర్హత నాకు లేదు. నన్ను పోనీ."

వంటింట్లో గరిటె నేలమీద పడ్డ చప్పుడైంది. తల్లి కళ్ళు తిరిగి పడిపోయిందనుకుని మాస్టారు ఒక్క ఉదుటున లేచారు. ఆయన తలుపు దాకా వెళ్ళేలోపే తలుపు తెరుచుకుంది. మాస్టారి భార్య అత్తగారి చెయ్యి పట్టుకుని ఆపబోయింది, ఆవిడ విడిపించుకుంది. ఏ ఏడూ భోక్తల ఎదుటపడని మనిషి, బొట్టులేని నుదుటితో తిన్నగా విస్తరి దగ్గరికి నడిచి వచ్చింది.

"అమ్మా, మీరిప్పుడు ఇటు రాకూడదు," అన్నారు పంతులుగారు కంగారుగా.

ఆవిడ వినిపించుకోలేదు. భోక్త ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆయన తల వంచుకున్నాడు. మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఏమైందమ్మా అని అడిగారు. ఆవిడ మాత్రం విస్తరి ముందు కూర్చున్న మనిషినే అడిగింది.

"మీ అబ్బాయి ఏటేటా పెడుతున్న పిండాలు మీకు ముట్టాయా?"